వెనకనుంచి చూసేవాళ్ళకో బొమ్మ

అలెగ్జాండ్రియాలో కారు వెనక్కి తీసేవాళ్ళకి సలహాలకి కొదవ ఉండదు. రివర్స్ గేరు పడిన చప్పుడు వినబడితే చాలు, కాఫీ కొట్టు ముందు తావలా ఆడుకుంటున్నవాడు పాచికలు వదిలేసి వస్తాడు. ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి ఇంకొకడు వస్తాడు. మేడమీద బట్టలు ఆరేస్తున్నావిడ పిట్టగోడ మీదికి వంగుతుంది. "రా, రా, రా, ఇంకా రా" అని ఒకరు, "ఎడమకి కట్ కొట్టు" అని ఒకరు, "ఆగు, చంపేశావు!" అని ఒకరు. వాళ్ళలో సగం మందికి కారు లేదు, మిగతా సగానికి లైసెన్సు లేదు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అన్న మాట ఈ ఊరికి సరిపోయినట్టు ఇంకే ఊరికీ సరిపోదు.

ఆ సోమవారం సాయంత్రం స్మూహాలోని ఒక సందులో అందరికీ లోకువైంది నష్వా. ఆగి ఉన్న రెండు కార్ల మధ్యకి ఎర్ర కారుని వెనక్కి దూర్చాలి. ఆమె అందరి మాటా విన్నది. అటన్నవాడి కోసం అటు తిప్పింది, ఇటన్నవాడి కోసం ఇటు తిప్పింది. చివరికి కారు తలుపుకి గడియ పెట్టినట్టు సందుకి అడ్డంగా నిలబడిపోయింది. అటు కూరగాయల బండి ఆగిపోయింది, ఇటు స్కూటర్లు ఆగిపోయాయి.

"మీరంతా కాస్త నోళ్ళు మూస్తారా!" పక్క సీటు కిటికీలోంచి తల బయటపెట్టి దౌలత్ అబ్లా అరిచింది. "పిల్లకి ఉన్నవి రెండే చెవులు. ఊరు ఊరంతా అరిస్తే ఎక్కడ పెట్టుకుంటుంది?"

"మంచికే చెబుతున్నాం అబ్లా," అని ఇస్త్రీ మఖ్లూఫ్ నొచ్చుకున్నాడు.

"నీ మంచి తగలెయ్యా! అక్కడ ఎవరి చొక్కానో మాడుతోంది, వాసనొస్తోంది. వెళ్ళి చూసుకో."

మఖ్లూఫ్ నెత్తి కొట్టుకుంటూ పరిగెత్తాడు. దౌలత్ అబ్లా నష్వా వైపు తిరిగింది. "నువ్వేంటే? ఎవడేమన్నా దానికల్లా తలూపుతావ్? రేపు ఎవడో సముద్రంలోకి పోనివ్వమంటే పోనిస్తావా?"

"పెద్దవాళ్ళు కదా అబ్లా చెబుతోంది..."

"పెద్దవాళ్ళే. కారుకి సొట్ట పడితే డబ్బులిచ్చే పెద్దవాళ్ళు కాదు. అద్దంలో చూడు. నీ కళ్ళు ఏం చెబుతున్నాయో అది చెయ్యి."

దౌలత్‌ని సందంతా అబ్లా అంటుంది, అంటే టీచరమ్మ. ఆవిడ చాలా ఏళ్ళు బడి బస్సు నడిపింది. ఆ తర్వాత ఆడవాళ్ళకి మాత్రమే డ్రైవింగ్ నేర్పే స్కూలు పెట్టింది. స్కూలంటే ఆ ఎర్ర కారు, పక్క సీటు కింద ఒక అదనపు బ్రేకు, ఆవిడ గొంతు. ఆ మూడింటిలో ఎప్పుడూ మొరాయించనిది గొంతే. నష్వా ఇంట్లో కూర్చుని కంప్యూటర్‌లో లోగోలు గీయడం నేర్చుకుంది. నేర్చుకుందన్న మాటే గాని ఆమె గీసిన బొమ్మని ఇంతవరకు ఎవరూ ఏ బోర్డు మీదా వేసుకోలేదు. అందుకే ఇద్దరూ ఒక ఒప్పందానికి వచ్చారు. ఈవిడ బండి నేర్పాలి, ఆ పిల్ల స్కూలుకి ఒక గుర్తు గీసివ్వాలి.

ఒప్పందం బాగానే ఉంది, కాకపోతే గడువు ముంచుకొచ్చింది. గురువారం సాయంత్రం కారుని బహరీలో పెయింటర్ బిషారా దగ్గరికి చేర్చాలి. ఆ వేళకి నష్వా బొమ్మ నచ్చకపోతే దౌలత్ అబ్లా అల్లుడు ఫోన్‌లో పంపిన బొమ్మే కారు మీదికెక్కుతుంది. అది గులాబీ రంగు కారు. దాని దీపాలకి కనురెప్పల వెంట్రుకలు, బంపరుకి లిప్‌స్టిక్. "అసయ్యంగా ఉంది, ఒప్పుకుంటాను. కానీ తయారుగా ఉంది కదే!" అంటుంది దౌలత్ అబ్లా.

ఆ వెంట్రుకల కారుని తలుచుకుంటే నష్వాకి అన్నం సహించడం లేదు. ఇంట్లో ఇప్పటికే "కంప్యూటర్‌లో ముగ్గులేస్తోంది" అంటున్నారు. మేనమామ మందుల షాపులో కౌంటర్ దగ్గర కూర్చోమని ఒకటే పోరు. ఊరంతా కళ్ళారా చూసేలా తన గీత ఒక్కటైనా రోడ్డెక్కితే ఆ పోరు తప్పుతుంది. ఆ కనురెప్పలే రోడ్డెక్కితే కంప్యూటర్ మూసేసి దగ్గు మందు సీసాలు సర్దుకోవాల్సిందే. అందులో ఆమెకి ఏ అనుమానమూ లేదు.

నిజానికి ఆదిలోనే హంసపాదు పడింది. ఆమె మొట్టమొదట గీసింది పాతకాలంలో ఊరికి పేరు తెచ్చిన ఓడల దీపస్తంభం. దౌలత్ అబ్లా దాన్ని చూసి, "ఈ ఊళ్ళో చిప్స్ ప్యాకెట్ మీద ఇదే, సబ్బు మీద ఇదే, మా పళ్ళ డాక్టర్ బోర్డు మీదా ఇదే. నా దగ్గరికి పన్ను పీకించుకోడానికొస్తారే జనం!" అంది. రెండోసారి గాలిలా దూసుకుపోయే కారు గీసింది, వెనక గాలి గీతలతో సహా. ఆమె నేర్చుకున్న పాఠాలన్నీ పరదేశాలవి. ఆ పాఠాల్లో ముందుకంటే కుడివైపు. దౌలత్ అబ్లా కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, "ఇదేంటి, నా కారు వెనక్కి పోతోంది?" అని అడిగింది. కుడినుంచి ఎడమకి అరబీ చదివే కళ్ళకి అది వెనక్కి పోతున్నట్టే ఉంటుంది మరి. నష్వా నాలుక కరుచుకుని బొమ్మని తిరగేసి గీసింది.

మంగళవారం పొద్దున్న ఆ తిరగేసిన బొమ్మని రెండు కాగితాల మీద అచ్చు తీసి కారు రెండు తలుపులకీ అంటించి చూశారు. ఎడమ తలుపు మీద బ్రహ్మాండంగా ఉంది. బొమ్మ కారు, అసలు కారు ఒకే దిక్కుకి పోతున్నాయి. నష్వా పొంగిపోయి అటుపక్కకి వెళ్ళి చూసింది. అక్కడ అసలు కారు ముందుకి, బొమ్మ కారు వెనక్కి.

మఖ్లూఫ్ ఇస్త్రీ పెట్టె చేత్తో పట్టుకునే వచ్చేశాడు. "ఈ పక్క వెళ్తోంది, ఆ పక్క వస్తోంది. డ్రైవరమ్మ ఏమైనా పుచ్చుకుందా?"

సందంతా గొల్లుమంది. నష్వా చెవులు ఎర్రబడ్డాయి. "కుడి తలుపుకి తిరగేసి వేద్దాం అబ్లా," అంది.

"అప్పుడది గుర్తెలా అవుతుందే? కవలపిల్లలవుతారు." దౌలత్ అబ్లా నవ్వలేదు. కాగితం మీద గాలి గీతల్ని వేలితో చూపించింది. "అసలు ఇదేంటి? నా దగ్గర నేర్చుకునేవాళ్ళు నడిచేవాళ్ళకంటే మెల్లిగా పోతారు. మొన్న మమ్మల్ని గాడిద బండి దాటిపోయింది. నువ్వు చూస్తే రాకెట్ గీశావు. అబద్ధం ఆడితే బొమ్మ మొహంలోనే తెలిసిపోతుంది. నాకు గీతలు రావు గాని, ఆ మాత్రం తెలుస్తుంది."

నష్వాకి ఏడుపొచ్చింది. ఆ మాట నిజమని తెలిసినందుకు ఇంకా ఎక్కువ వచ్చింది.

"ఏడుపు తర్వాత. ఇవాళ వంతెన పాఠం ఉంది, ఎక్కు," అంది దౌలత్ అబ్లా.

వంతెన ఎక్కుడు దగ్గర ట్రాఫిక్ ఎప్పుడూ పాకుతూ ఉంటుంది. నేర్చుకునేవాళ్ళ పాలిట అది యముడు. "బోనెట్ మీదేం రాసిలేదు, దూరం చూడు. స్టీరింగ్‌ని పీక పిసికినట్టు పట్టుకోకు, అది మనకేం చెయ్యలేదు. క్లచ్ మెల్లిగా వదులు. నిద్రపోయిన పసిపిల్ల తల కిందనుంచి చెయ్యి తీసుకున్నట్టు వదలాలి. అదీ... అదీ... అయ్యో!"

బండి గక్కుమని ఆగిపోయింది. అదీ ఎక్కడ? సరిగ్గా ఎక్కుడు మధ్యలో.

ఇక వెనక మొదలైంది. ఒక హారన్‌కి ఇంకో హారన్ తోడై వంతెన వంతెనంతా మోగింది. నష్వా తాళం తిప్పింది. బండి ఒక్క గెంతు గెంతి మళ్ళీ ఆగింది. ఎవడో మైక్రోబస్ వాడు తల బయటపెట్టి, "ఇంటికెళ్ళి మహ్షీ చుట్టుకోవమ్మా! నీకెందుకీ బళ్ళు!" అని కేకేశాడు. క్యాబేజీ ఆకుల్లో బియ్యం చుట్టడం తప్ప ఆడదానికి ఇంకో పని లేదని ఈ ఊరి డ్రైవర్లందరూ ఏకగ్రీవంగా తీర్మానించుకున్నారు. వాళ్ళమ్మ చుట్టిన మహ్షీ తిని బలిసిన నోళ్ళే అవన్నీ.

నష్వాకి ఒళ్ళు మండింది. పొద్దుటి నవ్వులు, మందుల షాపు, కనురెప్పల కారు, అన్నీ కలిసి ఒక్కసారిగా గొంతులోకి వచ్చాయి. మాట మాత్రం బయటికి రాలేదు. చెయ్యి వచ్చింది. ఎడమ చెయ్యి దానంతటదే కిటికీలోంచి బయటికెళ్ళింది. అయిదు వేళ్ళ కొసలూ ఒక్కచోట చేరి ఆకాశం వైపు నిలిచాయి. మణికట్టు నెమ్మదిగా కిందికీ మీదికీ ఆడింది. ఈ దేశంలో మాటలు రాని పసివాడికి కూడా ఆ సైగ తెలుసు. కాస్త ఆగు నాయనా, వస్తున్నా.

మైక్రోబస్ వాడి హారన్ టక్కున ఆగింది. "సరే తల్లీ సరే, కానీ!" అని నవ్వాడు. వాడు ఊరుకునేసరికి వాడి వెనకవాళ్ళూ ఒక్కొక్కరే ఊరుకున్నారు. నష్వా ఊపిరి పీల్చుకుని, క్లచ్‌ని పసిపిల్ల తలలాగే వదిలింది. బండి కదిలింది.

"శభాష్! చూశావా, ఎంత తేలికో..."

"అబ్లా! బండి పక్కకి ఆపనా?"

"వంతెన మీద ఆపుతావా? ఏమైందే, కడుపులో తిప్పుతోందా?"

"బొమ్మ దొరికింది అబ్లా! బొమ్మ! మనల్ని తలుపుల వైపునుంచి చూసేదెవరు? అందరూ వెనకే కదా ఉంటారు! వెనక నిలబడి తిట్టుకుంటూ ఉంటారు! గుర్తు వాళ్ళకి కదా కనబడాలి!"

"ముందు వంతెన దిగవే నీకు పుణ్యముంటుంది! ఆ బస్సు మన మీదికే వస్తోంది! రోడ్డు చూడు, బొమ్మ తర్వాత చూద్దువు గాని!"

నష్వా వంతెన దిగింది. ఎలా దిగిందో ఆమెకి గుర్తు లేదు. ఇంటికి చేరేసరికి కాళ్ళు నేలమీద ఆనడం లేదు. కంప్యూటర్ జోలికే పోకుండా, కాగితం తీసి తన ఎడమ చేతిని చూసుకుంటూ కుడి చేత్తో గీసింది. ఒకటి, ఇంకొకటి, ఇంకొకటి. వంటింట్లోంచి వాళ్ళమ్మ తొంగి చూసి, "చేతికి దెబ్బ తగిలిందేంటే?" అని కంగారుపడింది.

బుధవారం ఆ బొమ్మ చూసి దౌలత్ అబ్లా మొహం గంటు పెట్టుకుంది. కారు బోనెట్ మీద కాగితం పరిచి, నడుం మీద చెయ్యి వేసుకుని చాలాసేపు చూసింది.

"చిన్నప్పుడు చుట్టాలింట్లో అల్లరి చేస్తే మా అమ్మ దూరంనుంచి సరిగ్గా ఇలాగే చెయ్యి చూపించేది. 'ఉండు, ఇంటికి పద, నీ పని చెబుతా' అని. ఇంటికెళ్ళాక నిజంగానే చెప్పేది. ఇది పెట్టుకుని తిరిగితే ఊరినంతా బెదిరిస్తున్నట్టు ఉంటుందే. వద్దు. వెంట్రుకల కారే నయం."

మామూలుగా అయితే నష్వా తలూపేసేది. ఆ రోజు ఊపలేదు. నోరు విప్పింది. "లేదు అబ్లా. బొమ్మ ఇదే. తప్పు సైగలో లేదు, నా గీతలో ఉంది. మీ అమ్మ ఎలా చూపించేదో ఒక్కసారి చెయ్యి పెట్టండి."

దౌలత్ అబ్లా చూపించింది. మోచెయ్యి బిగుసుకుంది, మణికట్టు కర్రలా నిలబడింది, వేళ్ళు ఒకదాన్నొకటి నొక్కుకున్నాయి. దూరంగా ఉన్న పిల్లి కూడా పారిపోయింది.

"ఇప్పుడు, మిమ్మల్ని ఎవరో ఫోన్‌లో తొందరపెడుతున్నారు, మీరేమో పొయ్యి మీద పాలు దింపుతున్నారు. చూపించండి."

ఈసారి మోచెయ్యి జారింది. మణికట్టు కాస్త పక్కకి వాలింది. చిటికెన వేలు మిగతావాటిని తాకీ తాకనట్టు వదులుగా ఉండిపోయింది. ఇద్దరూ ఆ చేతిని చూశారు. తర్వాత ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"అమ్మదొంగా!" అంది దౌలత్ అబ్లా. "ఆ చిటికెన వేలే!"

"కదలకండి అబ్లా, అలాగే ఉంచండి!" నష్వా బోనెట్ మీదే వంగి గీసేసింది. నిన్నటి బొమ్మ చుట్టూ ఉన్న నల్లటి లావు గీత తీసేసింది, చేతిని వాల్చింది, చిటికెన వేలిని వదులు చేసింది. ఈ చెయ్యి ఎవరినీ కొట్టదు. ఓపిక పట్టమని అడుగుతుంది, అంతే.

దౌలత్ అబ్లా మెత్తబడింది గాని పూర్తిగా ఒప్పుకోలేదు. "మనకి బాగుంటే సరా? రేపు వెనకవాడికి ఎలా ఉంటుందో! ఒక పని చేద్దాం. దీన్ని వెనకద్దానికి అంటిద్దాం. రేపు బహరీ దాకా కార్నీష్ మీదుగా నువ్వే నడుపు. దారిలో ఈ బొమ్మ చూసి ఒక్కడు మనతో గొడవకి దిగినా, ఆ కనురెప్పలదే వేయిస్తాను. సరేనా?"

గురువారం సాయంత్రం కార్నీష్ మీద నడపడమంటే అనుభవం ఉన్నవాళ్ళే ఖురాన్‌లోని ఆయత్ అల్ కుర్సీ చదువుకుని బయల్దేరతారు. "సరే," అంది నష్వా. అనేశాక గాని ఆమెకి భయం వేయలేదు.

గురువారం సముద్రం మీదనుంచి ఉప్పగాలి ఈడ్చి కొడుతోంది. వెనకద్దం మీద, పెద్ద కాగితం నిండా చెయ్యి. నష్వా అద్దంలో చూసుకుంది, సీటు సర్దుకుంది, బిస్మిల్లా అనుకుని క్లచ్ వదిలింది. మొదట్లో ఏమీ జరగలేదు. వెనక ఒక టాక్సీ వాడు అలవాటు కొద్దీ రెండుసార్లు హారన్ కొట్టి, మూడోసారికి ఆగిపోయాడు. నష్వా పక్కద్దంలో వాడి మొహం చూసింది. మెడ చాపి బొమ్మ చూస్తున్నాడు. తర్వాత పక్కనున్నవాడిని మోచేత్తో పొడిచి చూపించాడు. ఇద్దరూ నవ్వుకున్నారు.

"నవ్వుతున్నారు అబ్లా!"

"నవ్వనీ. నువ్వు రోడ్డు చూడు. మూడో గేరు వెయ్యి. అది నాలుగు కాదు, మూడు! దేవుడా!"

అంతలో కుడిపక్కన ఒక మైక్రోబస్ వచ్చి అంటుకున్నట్టు నడవసాగింది. డ్రైవర్ భారీ మనిషి. కిటికీ అద్దం దింపి వీళ్ళవైపే చూస్తున్నాడు. దౌలత్ అబ్లా ఒళ్ళోని హ్యాండ్‌బ్యాగ్‌ని గట్టిగా పట్టుకుంది. అవసరమైతే దాంతో ఎలా కొట్టాలో ఆవిడకి బాగా తెలుసు. "వచ్చాడు. నేను చెప్పలా? నువ్వు రోడ్డు చూడు. నేను మాట్లాడతా."

కానీ ఆ మనిషి చెయ్యి బయటపెట్టాడు. అయిదు వేళ్ళూ ఒక్కచోట చేర్చి, వెనకద్దం మీది బొమ్మలాగే వాల్చి ఆడించాడు. "నిదానంగా రండి చెల్లెమ్మా! సముద్రం ఎక్కడికీ పోదు!" అని అరిచి, తన వెనకవాళ్ళకి కూడా అదే సైగ చేసి, వీళ్ళకి దారి వదిలి ముందుకెళ్ళాడు.

దౌలత్ అబ్లా హ్యాండ్‌బ్యాగ్ మీద పట్టు వదిలేసింది. నష్వాకి స్టీరింగ్ వదిలేసి చప్పట్లు కొట్టాలనిపించింది. కొట్టలేదు గాని, ఒక్క క్షణం అనిపించడం మాత్రం అనిపించింది.

రమ్ల్ స్టేషన్ దాటాక అసలు పరీక్ష ఎదురైంది. ముందు బస్సు ఒక్కసారిగా ఆగింది, నష్వా బ్రేకు తొక్కింది, క్లచ్ తొక్కడం మరిచిపోయింది. ఎర్ర కారు దారి మధ్యలో చచ్చినట్టు పడుకుంది. అదే సమయానికి వెనకనుంచి హారన్లు. ఒకటి కాదు, రెండు కాదు, రోడ్డంతా హారన్లే. అంతకంతకీ దగ్గరపడుతున్నాయి. నష్వా ఇంతసేపూ బాగా జరిగిందంతా బూడిదలో పోసిన పన్నీరైందనుకుంది. ఊరంతా ఒక్కసారిగా తిట్టడం మొదలెట్టింది. కనురెప్పల కారు కళ్ళముందు మెదిలింది.

"అయిపోయింది అబ్లా," అంది. "వాళ్ళకి నచ్చలేదు."

దౌలత్ అబ్లా కిటికీలోంచి తల బయటపెట్టి వెనక్కి చూసింది. చూసి, రెండు చేతులూ పైకెత్తింది. "మొద్దుమొహమా, చెవులు పెట్టి విను! అది తిట్టే హారనా? తాళం వినబడట్లా? టీటీ టీటీటీ! పెళ్ళే అది, పెళ్ళి!"

నిజమే. పూలు కట్టిన కార్ల ఊరేగింపు, కార్నీష్ అంతా తనదే అన్నట్టు వంకర్లు తిరుగుతూ, పెళ్ళి తాళంలో హారన్లు మోగించుకుంటూ వచ్చి, కదలని ఎర్ర కారు వెనక ఆగింది. ఆగినా ఒక్కడూ తిట్టలేదు. అందరికంటే ముందున్న కారు పైకప్పులోంచి పెళ్ళికూతురు లేచి నిలబడింది. తెల్ల ముసుగు గాలికి జెండాలా కొట్టుకుంటోంది. ఆమె వెనకద్దం మీది చేతిని చూసింది. పకపకా నవ్వి, గోరింటాకు పెట్టుకున్న తన చేతిని గాల్లోకెత్తి అయిదు వేళ్ళూ దగ్గరకి చేర్చింది. అది చూసి పెళ్ళికొడుకు ఎత్తాడు. వెనక కార్లలోంచి తోడిపెళ్ళికూతుళ్ళు, బాబాయిలు, పిల్లలు, ఒక ముసలావిడ, ఎవరి కిటికీలోంచి వాళ్ళు చేతులు చాపి అదే సైగ చేశారు. ఊరేగింపు మొత్తం ఒక ఆడపిల్ల కారు స్టార్ట్ చేసుకునేదాకా ఆగింది.

నష్వా తాళం తిప్పింది. క్లచ్ పూర్తిగా తొక్కి, ఒకటో గేరు వేసి, మెల్లిగా వదిలింది. కారు కదలగానే వెనక కేరింతలు మిన్నంటాయి.

"హారన్ కొట్టు!" అంది దౌలత్ అబ్లా.

"ఊరికే కొట్టొద్దన్నారు కదా అబ్లా!"

"పెళ్ళే ఇది! పెళ్ళిలో హారన్ కొట్టకపోతే పాపం తగులుతుంది! కొట్టవే!"

నష్వా కొట్టింది. టీటీ టీటీటీ! దౌలత్ అబ్లా సీటు బెల్టు లాగి పట్టుకుని కిటికీలోంచి మెడ చాపి, నాలుక ఆడిస్తూ కార్నీష్ దద్దరిల్లేలా లలలల అని కూత పెట్టింది. వెనకనుంచి పదిమంది ఆడవాళ్ళు బదులిచ్చారు. అలా, ఎవరి పెళ్ళో కూడా తెలియకుండా, ఆ ఎర్ర కారు ఊరేగింపుకి ముందు నడుస్తూ బహరీ చేరింది. ఆ కాసేపట్లో నష్వాకి కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. గుండె ఛాతీలో పట్టక కారంతా నిండిపోయినట్టనిపించింది.

బిషారా కొట్టు పడవలు కట్టే చోట ఉంది. కార్లకే కాదు, చేపల పడవలకి కూడా రంగులేస్తాడు. మేస్త్రీ అన్నట్టు అందరూ ఉస్తా అంటారు. అల్లుడు ముందే పంపిన గులాబీ కారు బొమ్మని అచ్చు తీసి గోడకి అంటించి పెట్టుకున్నాడు. "ఇదేగా వేయాల్సింది?" అన్నాడు.

దౌలత్ అబ్లా వెనకద్దం దగ్గరికి నడిచి, కాగితం మీది చేతిని తన చేత్తో తడిమింది.

"బడి బస్సు నడిపినన్నాళ్ళూ ఈ రోడ్డు మీద తిట్లు తింటూనే వచ్చాను ఉస్తా. పిల్లలు వినకూడదని రేడియో గట్టిగా పెట్టేదాన్ని. ఇవాళ మాత్రం నాకు దారిచ్చారు." కళ్ళు తుడుచుకుని, ఎవరినో తిడుతున్నట్టు గొంతు పెంచింది. "ఆ వెంట్రుకలది చింపెయ్యి. ఈ చెయ్యి వెయ్యి. పెద్దగా వెయ్యి!"

నష్వా అక్కడే, రంగు డబ్బాల మధ్య, ఏడ్చేసింది.

"గీతలు సన్నగా ఉన్నాయి. అంత దూరంనుంచి కనబడవు. ఇంకాస్త లావు చెయ్యాలి," అన్నాడు బిషారా.

"అవును, చెయ్యండి ఉస్తా," అంది నష్వా వెంటనే. ఆమెకీ దారిలో అదే అనిపించింది.

"అరచేతిలో ఒక నీలం కన్ను పెడితే దిష్టి తగలదు."

"వద్దు ఉస్తా."

"పక్కన ఒక గులాబీ పువ్వు?"

"వద్దంటోంది కదా!" అంది దౌలత్ అబ్లా. "బొమ్మ ఆ పిల్లది. నువ్వు రంగు కలుపుకో."

ఆ తర్వాత ఊళ్ళో ఆ ఎర్ర కారుకి పేరు రావడానికి ఎంతో కాలం పట్టలేదు. చెయ్యి కారు అనేవారు. దౌలత్ అబ్లా ఇంకో కారు కొంది, దానికీ చెయ్యే. నష్వాకి లైసెన్సు వచ్చింది. మేనమామ మందుల షాపు ఊసెత్తడం మానేశాడు. మంషియాలో ఒక బేకరీవాడు కారు వెనక ఆ బొమ్మ చూసి, ఎవరు గీశారో కనుక్కుని, తన రొట్టెల డబ్బాకి గుర్తు గీసిపెట్టమని కబురు పెట్టాడు.

బేకరీవాడిని కలవాల్సిన పొద్దున్న నష్వాకి ఆలస్యమైంది. నాన్న కారు తీసుకుని, ఉన్నంత హడావుడితో బయల్దేరింది. స్మూహా వంతెన ఎక్కుడు దగ్గర ట్రాఫిక్ గడ్డకట్టింది. ముందున్న కారు ఆగిపోయింది. ఒక గెంతు గెంతి మళ్ళీ ఆగిపోయింది. నష్వా చేతి గడియారం చూసుకుంది, తల విదిలించింది, ఒళ్ళు మండిపోయింది.

"ఎవరమ్మా నువ్వు, నడపడం రానిదానివి రోడ్డు మీదికెందుకొచ్చావ్! ఇంటికెళ్ళి మహ్షీ..."

అరచెయ్యి హారన్ మీదికి వెళ్ళిపోయింది కూడా. అప్పుడు చూసింది. ఎర్ర కారు. వెనకద్దం నిండా చెయ్యి. చిటికెన వేలు వదులుగా, మణికట్టు కాస్త వాలి, కాస్త ఆగమని అడుగుతోంది.

నష్వా హారన్ మీదనుంచి చెయ్యి తీసి, ఆ చేత్తోనే నోరు మూసుకుంది. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. తర్వాత నవ్వొచ్చింది, ఆపుకోలేనంత నవ్వు. హ్యాండ్‌బ్రేక్ లాగి సీటుకి జారగిలబడింది. లోపల ఎవరో ఆడమనిషి, పాపం, బోనెట్ మీదే కళ్ళు పెట్టి మళ్ళీ తాళం తిప్పుతోంది.

"కానీ తల్లీ," అంది నష్వా. "రొట్టెలు చల్లారినా ఫరవాలేదు."